లెక్కలో లేనిదే... కొంప ముంచేది!

మీ ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లున్నాయి? చిన్న ప్రశ్నే. కానీ, తలపండిన సంస్థలు కూడా తడుముకోకుండా జవాబు చెప్పలేవు. ఆ లెక్క తేల్చడానికే ‘డిస్కవరీ టూల్స్‌’ వచ్చాయి. యంత్రాలను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లవి. కొనితెచ్చి పెట్టుకుంటే సరిపోదు... వాటితో పని చేయించుకోవడం తెలియాలి. లేదంటే లెక్క తప్పుతుంది. ఒక్కోసారి కొంపే మునుగుతుంది!

అరచేతిలో ఇమిడిపోయే చిన్న కంప్యూటర్‌ అది. పేరు రాస్ప్‌బెర్రీ పై. 2012లో తొలిసారి మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర 35 డాలర్లు. ఇంజినీరింగ్‌ పిల్లలు ప్రాజెక్టుల కోసం కొనుక్కుంటుంటారు. అలాంటిదొకటి ఎవరో తీసుకెళ్లి అమెరికాలోని జెట్‌ ప్రొపల్షన్‌ లేబొరేటరీ నెట్‌వర్క్‌కి తగిలించారు. అది నాసా ప్రయోగశాల. అంగారకుడి మీదికి రోవర్లను పంపింది అక్కడివాళ్లే. తగిలించినవారు అనుమతి తీసుకోలేదు. రికార్డులోనూ ఎక్కించలేదు.

దొంగలకు ఆ సందు చాలింది. దాని మీద గురిపెట్టి లోపలికి దూరారు. దాదాపు పది నెలలు ఎవరి కంటా పడకుండా తిరిగారు. 23 ఫైళ్లు, సుమారు 500 మెగాబైట్ల సమాచారం పట్టుకుపోయారు. అందులో అంగారక యాత్రకు సంబంధించినవీ ఉన్నాయి. ఈ సంగతి బయటపడింది 2018 ఏప్రిల్‌లో. 2019 జూన్‌లో నాసా తనిఖీ అధికారులు నివేదిక ఇచ్చారు. అందులో అసలు సంగతి ఒకటుంది. కొత్త యంత్రం ఏది వచ్చినా ఎక్కించాల్సిన డేటాబేస్‌ అక్కడ ఉంది. కానీ, అది ఒక్కోసారి పని చేయదు. ‘తర్వాత రాద్దాంలే’ అనుకుని మర్చిపోతుంటానని ఓ ఉద్యోగి తనిఖీ అధికారులకు చెప్పాడు!

అంగారకుడి మీద ఉన్న యంత్రం ఎక్కడుందో అంగుళాలతో సహా చెప్పగలిగినవాళ్లకు, తమ గదిలో ఉన్న యంత్రం సంగతి తెలియలేదు.

నవ్వుకోవద్దు. ఇది నాసా సంగతి మాత్రమే కాదు. బ్యాంకులో, ఆసుపత్రిలో, కాలేజీలో, కలెక్టరేట్‌లో... నెట్‌వర్క్‌ ఉన్న ప్రతిచోటా ఉన్న తంటాయే.

మనింటి కథే!
‘మా అబ్బాయి సాఫ్ట్‌వేర్‌ అండీ’ అని గర్వంగా చెబుతారు తల్లిదండ్రులు. ‘ఏం చేస్తాడు?’ అంటే మాత్రం, ‘ఏమో... రాత్రిళ్లు డ్యూటీ’ అంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని అమెరికా కంపెనీల సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాల్లో మన పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ల కునుకు చెడగొట్టే ప్రశ్నల్లో మొదటిది- ‘మన దగ్గర ఏమేం ఉన్నాయి?’

2021 డిసెంబరు 10, శుక్రవారం. లాగ్‌4జే అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ ముక్కలో పెద్ద లోపం ఉందని ప్రపంచమంతా గుప్పుమంది. దాన్ని సరిచేసే మందు అప్పటికే సిద్ధం. కానీ, ఆ ముక్క ఏ సర్వర్‌లో, ఏ ప్రోగ్రామ్‌ కడుపులో దాక్కుని ఉందో తెలియాలి కదా! లెక్కలు సరిగా ఉన్నవాళ్లు పని ముగించుకుని ఇంటికెళ్లారు. లేనివాళ్లకు వారాంతాలు పోయాయి. అమెరికా ప్రభుత్వంలోని ఒక్క శాఖే ఈ పనికి 33 వేల గంటలు వెచ్చించిందని 2022 జులైలో అక్కడి సమీక్షా సంఘం తేల్చింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 2017 మేలో ‘వన్నాక్రై’ వైరస్‌ విరుచుకుపడింది. బ్రిటన్‌ ఆసుపత్రుల నుంచి మన ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖ కంప్యూటర్ల దాకా దాని బారిన పడ్డాయి. దానికీ విరుగుడును మైక్రోసాఫ్ట్‌ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. విరుగుడు వేయని పాత కంప్యూటర్లు ఏ మూలన ఉన్నాయో తెలియకపోవడమే చాలాచోట్ల ప్రాణం మీదికి తెచ్చింది.

పహాణీలో ఒకటి... పొలంలో ఒకటి!
పల్లెటూరి వాళ్లకు ఈ సమస్య కొత్తేం కాదు. తెలంగాణలో పహాణీ, ఆంధ్రాలో అడంగల్‌. రికార్డులో రెండెకరాల మాగాణి అని ఉంటుంది. వెళ్లి చూస్తే అరెకరంలో ఇల్లు లేచి ఉంటుంది. రాసినవాడు అబద్ధం రాయలేదు. రాసిన నాటికి అది నిజమే. తర్వాత పొలం మారింది, కాగితం మారలేదు. అందుకే సర్వేయరు గొలుసు పట్టుకుని గట్టు మీదికి రావాల్సి వస్తుంది.

ఆఫీసు కంప్యూటర్ల జాబితా కూడా అంతే. కొన్నప్పుడు ఎక్సెల్‌ షీట్‌లో రాస్తారు. ఆ తర్వాత ఒకటి పాడవుతుంది, ఒకటి పై అంతస్తుకు వెళ్తుంది, ఒకటి మేనేజరు గారింటికి చేరుతుంది. కొత్తగా నాలుగు కెమెరాలు, ఓ స్మార్ట్‌ టీవీ, వేలిముద్రల హాజరు యంత్రం వచ్చి చేరతాయి. షీట్‌ మాత్రం అలాగే ఉంటుంది.

డిస్కవరీ టూల్‌ అంటే గొలుసు పట్టుకున్న సర్వేయరు. జనాభా లెక్కల ఎన్యూమరేటర్‌ ఇంటింటికీ వెళ్లినట్టు నెట్‌వర్క్‌లోని ఒక్కో చిరునామాకూ వెళ్లి తలుపు కొడుతుంది. ‘ఎవరైనా ఉన్నారా?’ అని అడుగుతుంది. దీన్నే ‘పింగ్‌’ అంటారు. మైక్‌ మూస్‌ అనే అమెరికన్‌ 1983 డిసెంబరులో రాసిన బుల్లి ప్రోగ్రామ్‌ ఇది. జలాంతర్గాముల సోనార్‌ చేసే చప్పుడును బట్టి ఆ పేరు పెట్టాడు. జవాబు వస్తే, ఏయే కిటికీలు తెరిచి ఉన్నాయో చూస్తుంది. ఒక్కో యంత్రానికి 65,535 కిటికీలు ఉంటాయి. వాటినే పోర్టులంటారు. తెరిచి ఉన్నవాటిని బట్టి లోపల ఉన్నది సర్వరా, ప్రింటరా, కెమెరానా అని పోల్చుకుంటుంది. తాళంచెవి ఇస్తే లోపలికి వెళ్లి... ఏ విండోస్‌, ఎంత మెమరీ, ఏయే సాఫ్ట్‌వేర్లు- అన్నీ రాసుకొస్తుంది.

గోర్డన్‌ లయాన్‌ 1997లో విడుదల చేసిన ‘ఎన్‌మ్యాప్‌’ ఈ బాపతులో అందరికీ తెలిసిన ఉచిత టూల్‌. పెద్ద సంస్థల కోసం సర్వీస్‌నౌ, లాన్‌స్వీపర్‌ లాంటివి ఉన్నాయి. పేరు ఏదైనా పని ఒక్కటే. మరి, ఆ పనిని సక్రమంగా చేయించుకోవడం ఎలా?

ముందు కాగితం... తర్వాతే స్కాన్‌
నెట్‌వర్క్‌ని స్కాన్‌ చేసేవాడు ఆఫీసు ఉద్యోగా, దొంగా అన్నది బయటినుంచి చూస్తే తెలియదు. ఇద్దరూ తలుపులే కొడతారు. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లలోకి వెళ్లడం మన ఐటీ చట్టం-2000 ప్రకారం తప్పు. కీలక నెట్‌వర్క్‌లను ఎవరైనా పనిగట్టుకుని స్కాన్‌ చేస్తే ఆరు గంటల్లోగా చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్‌-ఇన్‌ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది. కాబట్టి... ఏ చిరునామాలు, ఏ రోజు, ఎన్నింటికి, ఏ యంత్రం నుంచి- ఈ నాలుగూ రాసి పైఅధికారి సంతకం తీసుకోవాలి. భద్రతా విభాగానికీ నెట్‌వర్క్‌ విభాగానికీ ముందే చెప్పాలి. లేదంటే వాళ్లు మిమ్మల్నే దొంగ అనుకుని లైను కోసేస్తారు. అది వాళ్ల తప్పు కాదు!

ఒక అంతస్తుతో మొదలు
కొత్త టూల్‌ చేతికి రాగానే ఊరంతా తిప్పేయాలనిపిస్తుంది. వద్దు. ముందు ఓ చిన్న ముక్క తీసుకోండి. 256 చిరునామాలుండే ఒక విభాగం చాలు. స్కాన్‌ చేయండి. తర్వాత కాగితం, పెన్ను పట్టుకుని ఆ అంతస్తంతా నడవండి. బల్ల మీద ఉన్నవి, బల్ల కింద ఉన్నవి, ఫాల్స్‌ సీలింగ్‌లో ఉన్నవి... అన్నీ రాసుకోండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే టూల్‌కి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో తెలిసిపోతుంది. ఆ తేడా సరిచేసుకున్నాకే రెండో అంతస్తు.

చిరునామాల విషయంలో ఇంకో మాట. ఆఫీసుల్లో వాడే ‘10’తో మొదలయ్యే చిరునామాలు మొత్తం కోటీ 67 లక్షలకు పైనే. అన్నింటినీ కొట్టుకుంటూ పోతే రోజులు పడుతుంది. కొత్తతరం ఐపీవీ6 చిరునామాలైతే మరీను. ఒక్క మామూలు విభాగంలోనే ఎన్ని ఉంటాయంటే... సెకనుకు పది లక్షల చొప్పున తలుపు కొట్టినా అయిదున్నర లక్షల ఏళ్లకు పైగా పడుతుంది! అందుకే గుడ్డిగా వెతకకూడదు. ఏ యంత్రానికి ఏ చిరునామా ఇచ్చారో రూటర్లకూ స్విచ్‌లకూ తెలుసు. ఊళ్లో ఎవరు ఎక్కడుంటారో పోస్ట్‌మ్యాన్‌కి తెలిసినట్టు. ముందు వాటిని అడగాలి. వాటి పట్టికల్లో ఉన్న చిరునామాలకే టూల్‌ను పంపాలి.

తాళాలగుత్తి జాగ్రత్త!
లోపలికెళ్లి వివరాలు రాసుకురావాలంటే టూల్‌కి ఓ ఖాతా, పాస్‌వర్డ్‌ కావాలి. పని తొందరగా అవుతుందని చాలామంది అడ్మినిస్ట్రేటర్‌ పాస్‌వర్డే ఇచ్చేస్తారు. ఇల్లు ఊడవడానికి వచ్చిన మనిషికి బీరువా తాళాలు ఇచ్చినట్టే! కొన్ని వివరాలకు ఎక్కువ అధికారం అడిగే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కూడా ఆ ఒక్క పనికి సరిపడా ఇవ్వాలి. చూడటానికే తప్ప మార్చడానికి వీల్లేని ప్రత్యేక ఖాతా తెరవాలి. విండోస్‌కి ఒకటి, లినక్స్‌కి ఒకటి, రూటర్లకు ఒకటి... దేనికదే. ఒక మనిషి పేరు మీద ఉన్న ఖాతాను మాత్రం ఎప్పుడూ వాడకూడదు. ఆయన ఉద్యోగం మారిన రోజున స్కాన్‌ ఆగిపోతుంది.

ఇంకో ప్రమాదముంది. తలుపు తీసిన ప్రతివాడికీ టూల్‌ తన పాస్‌వర్డ్‌ చెబుతుంది. తీసినవాడు దొంగ అయితే? అందుకే పాస్‌వర్డ్‌తో పని లేని చోట ‘కీ’ వాడటం మంచిది. మీకు తెలిసిన విభాగాల్లోనే లాగిన్‌ స్కాన్‌ చేయాలి. తెలియని చోట ముందు తలుపు కొట్టి రావడం వరకే.

రూటర్లు, స్విచ్‌లు మాట్లాడే భాష ఎస్‌ఎన్‌ఎంపీ. పాత రకంలో ‘పబ్లిక్‌’ అన్న మాటే పాస్‌వర్డ్‌గా వచ్చేది. అదీ తెరిచిన ఉత్తరంలా వెళ్లేది. ఇప్పటికీ దాన్ని మార్చనివాళ్లున్నారు. మూడో రకం వచ్చాక ఉత్తరానికి కవరు దొరికింది. యంత్రం ఒప్పుకుంటే అదే వాడాలి.

పాస్‌వర్డ్‌ మార్చినప్పుడు టూల్‌లోనూ మార్చడం మర్చిపోవద్దు. మరిస్తే అది పాత పాస్‌వర్డ్‌తోనే వందల యంత్రాల తలుపులు బాదుతుంది. కాసేపటికి ఖాతా లాకవుతుంది. మర్నాడు పొద్దున రిపోర్టు ఖాళీగా వస్తుంది.

ఆ చెయ్యి ఎందుకు తిరిగింది?
తలుపు కొడితే ఏమవుతుందిలే అనుకోవద్దు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌ తన పారిశ్రామిక భద్రతా మార్గదర్శకాల్లో కొన్ని ఘటనలు చెప్పింది. తొమ్మిదడుగుల రోబో చేతులున్న ఓ కర్మాగారం. నెట్‌వర్క్‌లో పింగ్‌ పంపారు. అప్పటిదాకా నిద్రపోతున్న ఓ చెయ్యి ఒక్కసారిగా లేచి అర్ధచంద్రాకారంలో గిర్రున తిరిగింది! గదిలో ఉన్న మనిషి దాని అందుబాటులో లేకపోవడం వల్ల బతికిపోయాడు. చిప్‌లు తయారుచేసే మరోచోట ఇలాంటి పింగ్‌కే యంత్రం స్తంభించి 50 వేల డాలర్ల సరుకు పాడయింది.

అంతదాకా ఎందుకు, మామూలు ఆఫీసు ప్రింటర్‌నే తీసుకోండి. చాలా ప్రింటర్లు 9100 నంబరు పోర్టుకు ఏది పంపినా అచ్చేస్తాయి. స్కానర్‌ ‘నువ్వెవరు?’ అని అడిగితే ఆ ప్రశ్ననే పేజీలకు పేజీలు అచ్చుగుద్దుతాయి. పొద్దున్నే వచ్చి చూస్తే ట్రే నిండా పిచ్చి గీతలు! అందుకే ఎన్‌మ్యాప్‌ ఆ పోర్టును అంత లోతుగా తడమకుండా వదిలేస్తుంది.

కాబట్టి... ఆసుపత్రి పరికరాలు, ఫ్యాక్టరీ కంట్రోలర్లు, లిఫ్టులు, పాత ప్రింటర్లు ఉన్న విభాగాలను ముందే పక్కన పెట్టాలి. అలాంటిచోట తలుపు కొట్టకుండా, అటూఇటూ వెళ్లే సమాచారాన్ని విని లెక్క కట్టే పద్ధతి ఉంది. అది వాడాలి. పక్కన పెట్టినవాటికో జాబితా ఉండాలి. ఎందుకు పెట్టాం, ఎవరు పెట్టమన్నారు, మళ్లీ ఎప్పుడు చూడాలి- ఈ మూడూ అందులో రాయాలి. లేదంటే తాత్కాలికంగా వదిలినవి శాశ్వతంగా చీకట్లో ఉండిపోతాయి.

పగలు కొన్ని... రాత్రి కొన్ని
స్కాన్‌ అనగానే అర్ధరాత్రి పెట్టడం అలవాటు. సర్వర్లకైతే మంచిదే. కానీ, ల్యాప్‌టాప్‌లు? అవి సాయంత్రమే బ్యాగుల్లో సర్దుకుని ఇంటికెళ్లిపోతాయి. అర్ధరాత్రి తలుపు కొడితే ఎవరు పలుకుతారు? వాటిని పనివేళల్లో, నెమ్మదిగా స్కాన్‌ చేయాలి. బ్యాకప్‌లు జరిగే వేళ, నెలాఖరు జీతాల లెక్కల వేళ మాత్రం వద్దు.

ఇంటినుంచి పనిచేసేవాళ్ల ల్యాప్‌టాప్‌లు ఏ వేళలోనూ సరిగా దొరకవు. వాటిలో ‘ఏజెంట్‌’ అనే చిన్న ప్రోగ్రామ్‌ పెడితే, నెట్‌ తగిలినప్పుడల్లా అదే కబురు పంపుతుంది. ఇక అద్దె సర్వర్లు... అదే, క్లౌడ్‌. వాటికోసం తలుపులు కొట్టనక్కర్లేదు. అద్దెకిచ్చిన కంపెనీనే జాబితా అడగొచ్చు. చూడటానికి మాత్రమే వీలున్న ఖాతా ఒకటి టూల్‌కి ఇస్తే చాలు. ఎన్ని క్లౌడ్‌ ఖాతాలున్నాయో తెలియకపోతే అకౌంట్స్‌ విభాగానికి వెళ్లండి. ఇంజినీరు మర్చిపోయినా బిల్లు మర్చిపోదు!

ఒక్కటే మూడై... ఏడు ఒక్కటై!
ఒకే ల్యాప్‌టాప్‌ వైఫైలో ఒకలా, తీగ పెడితే ఇంకోలా, డాకింగ్‌ పెట్టె మీద పెడితే మరోలా కనిపిస్తుంది. టూల్‌ మూడు యంత్రాలుగా లెక్కేసే ప్రమాదముంది. చిరునామాలు మారుతుంటాయి కాబట్టి వాటిని నమ్ముకోకూడదు. కంపెనీ వేసిన సీరియల్‌ నంబరుతో గుర్తు పట్టమని టూల్‌కి చెప్పాలి.

అక్కడా ఓ తిరకాసుంది. విడిభాగాలు కొని అసెంబుల్‌ చేయించిన కంప్యూటర్లు మన ఊళ్లలో బోలెడు. వాటిలో చాలావాటికి సీరియల్‌ నంబరు ఉండాల్సిన చోట ‘టు బీ ఫిల్డ్‌ బై ఓఈఎం’ అని ఉంటుంది. అంటే, ‘తయారీదారు నింపాలి’ అని. ఎవరూ నింపలేదు! ఏడు కంప్యూటర్లలోనూ అదే ఉంటే టూల్‌ ఏడింటినీ ఒక్కటే అనుకుంటుంది. కాబట్టి సీరియల్‌తోపాటు మదర్‌బోర్డు గుర్తు, నెట్‌వర్క్‌ కార్డు గుర్తు కూడా చూసేలా నియమం పెట్టాలి. ఇంట్లో ఒకే పేరున్న తాతా మనవళ్లను పుట్టిన తేదీతో వేరుచేసినట్టు.

‘అంతా బాగుంది’ అంటే అనుమానించు!
ఇది అన్నింటికన్నా ముఖ్యం. అమెరికాలోని ఈక్విఫ్యాక్స్‌ సంస్థ జనం అప్పుల చరిత్రను భద్రపరుస్తుంది. 2017 మార్చిలో దానికి హెచ్చరిక అందింది- అపాచీ స్ట్రట్స్‌ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపముంది, సరిచేసుకోమని. సంస్థ వెంటనే స్కానర్‌ నడిపింది. అదేమీ దొరకలేదంది. హమ్మయ్య అనుకున్నారు. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌ ఉంది. స్కానర్‌ వెతకాల్సిన చోట వెతకలేదు, అంతే. హెచ్చరిక ఈమెయిల్‌ పంపిన జాబితా కూడా పాతది. చేరాల్సిన మనిషికి అది చేరనే లేదు. మే నెలలో దొంగలు దూరి రెండున్నర నెలలు లోపలే ఉన్నారు. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. సంస్థ దగ్గర తన యంత్రాల, సాఫ్ట్‌వేర్ల పూర్తి జాబితా లేదని 2018లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ తప్పుపట్టింది. 2019లో కనీసం 57 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి సంస్థ ఒప్పుకోవాల్సి వచ్చింది.

‘దొరకలేదు’ వేరు. ‘లేదు’ వేరు. టూల్‌ ఏం కనిపెట్టిందో చూసే ముందు, ఎక్కడెక్కడ విఫలమైందో చూడాలి. లాగిన్‌ కాలేకపోయిన యంత్రాలెన్ని? జవాబివ్వని విభాగాలెన్ని? మధ్యలో ఆగిపోయిన స్కాన్‌లెన్ని? చాలామంది తెరవని పేజీ ఇదే. నిజం ఉండేది మాత్రం అక్కడే. ఉన్నదని మీకు ముందే తెలిసిన యంత్రాన్ని ఒకదాన్ని గుర్తుపెట్టుకోండి. రిపోర్టులో అది కనిపించకపోతే మిగతా రిపోర్టును నమ్మకండి.

మరో చిట్కా. జాబితా ఒక్కటే ఉంటే తప్పు తెలియదు. కొనుగోలు బిల్లులు, యాంటీవైరస్‌ జాబితా, టూల్‌ జాబితా- మూడూ పక్కన పెట్టండి. బిల్లులో ఉండి టూల్‌లో లేనిది పోయిందేమో! టూల్‌లో ఉండి యాంటీవైరస్‌ లేనిది రక్షణ లేకుండా తిరుగుతోందేమో! టూల్‌లో ఉండి బిల్లే లేనిది... ఎవరు తెచ్చారు?

పేరు రాయని యంత్రం అనాథే
యంత్రం దొరికింది. తర్వాత? అది ఎవరిది, దేనికి వాడుతున్నారు, ఆగిపోతే ఎవరికి ఫోన్‌ చేయాలి- టూల్‌ చెప్పలేదు. మనుషులే చెప్పాలి. యజమాని పేరు లేని ఒక్క యంత్రాన్నీ వారం దాటనివ్వకూడదు. పేరంటే విభాగం పేరు కాదు, మనిషి పేరు. అందరిదీ అంటే ఎవరిదీ కాదనే!

అలాగే, ఒక్కరోజు పలకలేదని యంత్రాన్ని జాబితాలోంచి తీసేయకూడదు. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగిని ల్యాప్‌టాప్‌ ఆరు నెలలు పలక్కపోవచ్చు. నెల రోజులు కనిపించకపోతే గుర్తు పెట్టాలి. మూడు నెలలైతే యజమానిని అడగాలి. ఆయన ‘తీసేశాం’ అని చెప్పాకే కొట్టేయాలి.

ఎన్నాళ్లకోసారి స్కాన్‌ చేయాలి? అమెరికా ప్రభుత్వ పౌర శాఖలు ఏడు రోజులకోసారి తమ యంత్రాలను వెతుక్కోవాలని అక్కడి సైబర్‌ భద్రతా సంస్థ 2022 అక్టోబరులో ఆదేశించింది. మనకూ వారం మంచి లెక్కే. ప్రతి సోమవారం నాలుగంకెలు చూస్తే చాలు. కొత్తగా వచ్చినవెన్ని, మాయమైనవెన్ని, లాగిన్‌ కానివెన్ని, యజమాని లేనివెన్ని. ఈ నాలుగూ తగ్గుతుంటే పని సాగుతున్నట్టు. కొత్తవి ఉన్నట్టుండి పెరిగితే లేచి వెళ్లి చూడాల్సిందే.

కాపలాదారుకీ కాపలా
చివరిగా ఒకటి. ఇంత కష్టపడి తయారుచేసిన జాబితా దొంగకు దొరికితే? ఇంటి నక్షా, బీరువా ఉన్న గది, తాళాలగుత్తి... అన్నీ ఒకేచోట పెట్టి ఇచ్చినట్టే. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్‌ ఉదంతం చెప్పింది ఇదే. నెట్‌వర్క్‌లను కనిపెట్టుకుని ఉండే ఓరియన్‌ అనే సాఫ్ట్‌వేర్‌ అప్‌డేట్‌లోనే దొంగలు తమ కోడ్‌ కలిపేశారు. దాదాపు 18 వేల సంస్థలు నమ్మకంగా దాన్ని దింపుకున్నాయి. కాబట్టి టూల్‌ ఉన్న సర్వర్‌ను విడిగా ఉంచాలి. దాన్ని తెరవడానికి పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కొచ్చే రెండో గుర్తింపూ ఉండాలి. ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదవ్వాలి. ముఖ్యంగా... జాబితాలో ఆ సర్వర్‌ పేరు కూడా ఉందో లేదో చూసుకోవాలి. లెక్కపెట్టేవాడు తనను తాను మర్చిపోవడం మామూలే కదా!

మీ ఇంట్లో ఎన్ని?
ఇది ఆఫీసు గోలే అనుకుంటున్నారా? మీ వైఫైకి ఎన్ని తగిలించి ఉన్నాయో ఈ ఆదివారం లెక్కపెట్టి చూడండి.

* ముందు నోటితో చెప్పండి. ఇంట్లో అందరి ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌, కెమెరా... అన్నీ ఓ కాగితం మీద రాయండి.

* రూటర్‌ కింద అంటించిన కాగితం మీద ఓ చిరునామా ఉంటుంది. బ్రౌజర్లో కొడితే రూటర్‌ పేజీ తెరుచుకుంటుంది. ‘కనెక్టెడ్‌ డివైసెస్‌’ లాంటి మాట ఉన్నచోట జాబితా కనిపిస్తుంది. కాగితంతో పోల్చండి.

* తెలియని పేరు కనిపించగానే కంగారు పడొద్దు. ఇప్పటి ఫోన్లు గోప్యత కోసం ఒక్కో వైఫైకి ఒక్కో మారుగుర్తు చూపిస్తాయి. ఒక్కో ఫోన్‌నే ఆపుతూ చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది.

* అన్నీ ఆపినా ఒకటి మిగిలితే వైఫై పాస్‌వర్డ్‌ మార్చండి. మీవి మళ్లీ తగిలించుకోండి. ఆ ఒక్కటీ రాదు.

* కెమెరాతోనూ రూటర్‌తోనూ వచ్చిన పాస్‌వర్డ్‌ను తప్పక మార్చండి. 2016లో ‘మిరాయ్‌’ వైరస్‌ ఇలా మార్చని కెమెరాలనూ రూటర్లనూ లక్షల్లో వశం చేసుకుంది. ఆ అక్టోబరులో ట్విటర్‌, నెట్‌ఫ్లిక్స్‌ లాంటివి గంటలపాటు చాలామందికి అందకుండా చేసింది. ఎవరింట్లోదో కెమెరా... ఇంకెవరి మీదో దాడి!

* చుట్టాలొచ్చినప్పుడు అసలు పాస్‌వర్డ్‌ కాకుండా ‘గెస్ట్‌’ వైఫై ఇవ్వండి. దాదాపు అన్ని కొత్త రూటర్లలోనూ ఆ వీలుంది.

చెరిగే సుద్దగీత
జనాభా లెక్కల వాళ్లు వచ్చివెళ్లాక గుమ్మం మీద సుద్దతో నంబరు వేసి వెళ్లేవారు. నాలుగు వానలకు అది చెరిగిపోయేది. ఈలోగా ఇంట్లో ఓ పెళ్లి, ఓ పురుడు... లెక్క మారిపోయేది. జనాభాకైతే పదేళ్లకోసారి లెక్క సరిపోయింది. యంత్రాలకు పది రోజులు కూడా ఎక్కువే.

టూల్‌ ఎంత ఖరీదైనదైనా అది తలుపు మాత్రమే కొడుతుంది. ‘ఇదేమిటి, ఎవరిది, ఎందుకుంది?’ అని అడగాల్సింది మనిషే. ‘తర్వాత రాద్దాంలే’ అని ఆ ప్రయోగశాలలో ఒక్కరు అనుకోకుండా ఉంటే... అరచేతిలో ఇమిడే ఆ చిన్న పెట్టె అంత దూరం తెచ్చేది కాదు.

ఈసారి మీ అబ్బాయో అమ్మాయో రాత్రి డ్యూటీలో ల్యాప్‌టాప్‌ ముందు తల పట్టుకుని కూర్చుంటే, కాస్త కాఫీ కలిపి ఇచ్చి అడగండి- ‘లెక్క తేలిందా?’ అని. మీకెలా తెలుసని వాళ్లే ఆశ్చర్యపోతారు!